పాత బెస్సన్ కార్నెట్ బ్యాండులో వాయించడానికి పనికొస్తుందా?

మూడోకార్నెట్

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్ దగ్గర ఒక బ్రాస్ బ్యాండులో (ఇత్తడి ఊదు వాయిద్యాల బృందం) థర్డ్ కార్నెట్ వాయిస్తున్నాను. కార్నెట్ అంటే ట్రంపెట్ లాంటి ఊదు వాయిద్యం. ఇప్పుడు చేతిలో ఉన్నది బ్యాండు వాళ్లది. సొంతంగా ఒకటి కొనుక్కోవాలని రెండు చూశాను, రెండిటి ధరా దాదాపు ఒకటే.

మొదటిది వెండి పూత ఉన్న బెస్సన్ కంపెనీది. బెల్ (వెడల్పు నోరు) మీద "బెస్సన్ అండ్ కో, ప్రోటోటైప్, 198 యూస్టన్ రోడ్, లండన్" అని చెక్కారు, దాని పక్కన పతకాల వివరాలు ఉన్నాయి. గొంతు చాలా తియ్యగా ఉంది. కానీ మెయిన్ ట్యూనింగ్ స్లైడ్ (శృతి సర్దడానికి లాగే గొట్టం) పూర్తిగా లోపలికి నెట్టి వాయిస్తే ట్యూనర్ 55 సెంట్లు (అర స్వరానికి వంద సెంట్లు) ఎక్కువ చూపిస్తోంది. నా మౌత్‌పీస్ సాకెట్‌లోకి సగం దూరమే దిగుతోంది, వేలితో తాకితే ఊగుతోంది.

రెండోది బూసీ అండ్ హాక్స్ ఇంపీరియల్. లక్కర్ చాలాచోట్ల లేచిపోయింది. స్లైడ్ ఒక సెంటీమీటర్ బయటికి లాగితే ఇప్పటి శృతి 440 హెర్ట్జ్‌కి సరిగ్గా కలుస్తోంది. లీడ్‌పైప్ (మౌత్‌పీస్ దిగే గొట్టం) మీద మాత్రం గులాబీ రంగు మచ్చలున్నాయి.

పాత వాయిద్యాల్లో ఇత్తడి మంచిదని, పనితనం ఇప్పుడు రాదని అంటుంటారు. అది నిజమేనా? ఈ రెండిట్లో రోజూ బ్యాండులో వాయించడానికి ఏది తీసుకోవాలి?

యూస్టన్‌రోడ్

మీ బెస్సన్ హై పిచ్ (ఇప్పటికంటే ఎక్కువ శృతి) వాయిద్యం. అందులో లోపమేమీ లేదు, అది పుట్టిన కాలపు శృతి అది.

19వ శతాబ్దంలో ఇంగ్లండ్ బ్యాండ్లు ఎ స్వరాన్ని 452.5 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుని వాయించేవి. దాన్ని ఓల్డ్ ఫిల్‌హార్మోనిక్ పిచ్ అంటారు. 1896లో ఫిల్‌హార్మోనిక్ సొసైటీ ఆర్కెస్ట్రా 439కి దిగింది, మిగతా ఆర్కెస్ట్రాలూ ఆ దారి పట్టాయి. బ్రాస్ బ్యాండ్లు మాత్రం దిగలేదు. మిల్లు ఊళ్లల్లో, బొగ్గు గనుల ఊళ్లల్లో చందాలు పోగేసి కొనుక్కున్న సెట్లు అవి. ఒక్క కార్నెట్ కొత్త శృతిలో కొంటే మిగతా ఇరవై నాలుగింటితో కలవదు. మారిస్తే మొత్తం సెట్ ఒకేసారి మార్చాలి, అంత డబ్బు ఎవరి దగ్గరుంటుంది? 1960ల నడిమి దాకా అలాగే నెట్టుకొచ్చారు. అప్పుడు బూసీ అండ్ హాక్స్ హై పిచ్ వాయిద్యాల తయారీ ఆపేయడంతో బ్యాండ్లు మారక తప్పలేదు.

అందుకే పాత బ్రిటిష్ కార్నెట్ చూసినప్పుడు ఏ కంపెనీదని తర్వాత అడగండి. 1965కు ముందుదా, తర్వాతదా అన్నది ముందు తేల్చుకోవాలి. 452.5కీ 440కీ తేడా 48 సెంట్లు, అంటే అర స్వరంలో దాదాపు సగం. పెదవితో దించి సర్దుకోగలిగే తేడా కాదది. ఒక పాటంతా అలా వాయిస్తే పెదవి అలిసిపోతుంది, స్వరం పలచబడుతుంది.

కాలం పట్టుకోవడానికి బెల్ మీద చెక్కిన పేరే మొదటి ఆధారం. "బూసీ అండ్ కో" అని ఒక్కటే ఉన్నా, "హాక్స్ అండ్ సన్, డెన్మన్ స్ట్రీట్" అని ఉన్నా 1930కి ముందుది. ఆ రెండు కంపెనీలూ ఆ ఏడాదే కలిశాయి. రెండు పేర్లూ కలిపి ఉంటే 1930 తర్వాతది. బెస్సన్‌ను బూసీ అండ్ హాక్స్ 1948లో కొనేసింది. ఆ తర్వాతి బెస్సన్లు ఎడ్జ్‌వేర్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి, కాబట్టి యూస్టన్ రోడ్ చిరునామా ఉన్న మీది అంతకు ముందుదే అనుకోవచ్చు. హైయమ్ అని ఉంటే మాంచెస్టర్ సరుకు. 1842లో మొదలైన ఆ కంపెనీ ఉత్తరాది బ్యాండ్లకు బాగా అమ్మింది.

ఇంపీరియల్ పేరు చూసి మాత్రం మోసపోకండి. హై పిచ్ రోజుల్లోనూ ఆ పేరుతోనే వచ్చాయి, తర్వాతా వచ్చాయి. మీది 440కి కలుస్తోందంటే పుట్టుకతోనే లో పిచ్‌దై ఉండాలి, లేదా తర్వాత మార్చినదై ఉండాలి. మార్చినదైతే ట్యూనింగ్ స్లైడ్ కాళ్లల్లో (లోపలికి దిగే రెండు తిన్నని గొట్టాలు) అదనపు ముక్క అతికిన గుర్తు, ఒక చిన్న ఉంగరంలాంటి అతుకు, కనిపిస్తుంది. ఒకసారి చూడండి.

టంకంపని

శృతి సంగతి యూస్టన్‌రోడ్ గారు చెప్పేశారు కాబట్టి నేను లోహం సంగతి చూస్తాను.

ముందు ఇంపీరియల్ మీది గులాబీ మచ్చలు. ఇవి రెండు రకాలు. రిపేరు షాపులో యాసిడ్‌లో ముంచి కడిగినప్పుడు ఇత్తడి పైపైన గులాబీ రంగు తేలుతుంది. అది పలచగా, పరుచుకున్నట్టు ఉంటుంది, మెత్తని గుడ్డతో పాలిష్ చేస్తే పోతుంది. దాంతో భయం లేదు. రెండోది రెడ్ రాట్. ఇత్తడిలో రాగి, జింకు కలిసి ఉంటాయి. ఊపిరి తడి, ఉమ్మి గొట్టంలో నిలిచి జింకును తినేస్తే రాగి మాత్రం గుల్లగా మిగులుతుంది. గుండ్రని ఎర్రటి చుక్క, దాని నడుమ సూదిమొనంత నల్లటి మచ్చ ఉంటుంది. ఎంత రుద్దినా పోదు. ఎందుకంటే అది లోపల మొదలై బయటికి వచ్చింది, బయట కనిపించే సరికే గోడ చాలావరకు పోయి ఉంటుంది.

చూసే పద్ధతి ఇది. ట్యూనింగ్ స్లైడ్ తీసేయండి. మౌత్‌పీస్ వైపు నుంచి సన్న టార్చి వేసి స్లైడ్ వైపు నుంచి చూడండి. లోపల పసుపు రంగు ఒకేలా ఉంటే బాగున్నట్టు. ఎర్రగా, గరుకుగా, అక్కడక్కడా గుంటలుగా కనిపిస్తే లీడ్‌పైప్ మార్చాల్సిందే. టంకం పూసి కప్పినా ఎక్కువ కాలం ఆగదు, చుట్టుపక్కల ఇంకోచోట చిల్లు పడుతుంది. సంతోషించాల్సిన విషయం ఏమిటంటే కార్నెట్‌లో లీడ్‌పైప్ విడిగా ఊడదీసి మార్చగలిగిన భాగమే. బెల్‌లో గనుక రాట్ వస్తే ఆ వాయిద్యం వదిలేయండి.

ఇక వేళ్లతో నొక్కే వాల్వులు. పాత కార్నెట్ బతుకంతా వాటిలోనే ఉంది. మొదటి వాల్వ్ నొక్కకుండా దాని స్లైడ్‌ను రెండు మూడు సెంటీమీటర్లు బయటికి లాగండి. ఒక్క క్షణం ఆగి వాల్వ్ నొక్కండి. "టప్" అని గట్టిగా చప్పుడు వస్తే పిస్టన్‌కూ (వాల్వ్‌లో కదిలే భాగం) దాన్ని పట్టి ఉంచే కేసింగ్‌కూ మధ్య సందు సరిగ్గా ఉంది, గాలి తప్పించుకోవడం లేదు. "ఫుస్" అని వచ్చినా, ఏ చప్పుడూ రాకపోయినా పిస్టన్ అరిగిపోయింది. మూడు వాల్వులకూ చేయండి. స్లైడ్ మరీ వదులుగా ఉన్నా చప్పుడు రాదు కాబట్టి ముందు దానికి గ్రీజు రాసి తర్వాతే తీర్పు చెప్పండి.

కొద్దిగా అరిగిన పిస్టన్లకు పాత వాల్వుల కోసమే అమ్మే చిక్కటి సింథటిక్ నూనె వాడితే కొన్నేళ్లు నడుస్తుంది. బాగా అరిగితే పిస్టన్ మీద నికెల్ పూత ఎక్కించి, కేసింగ్‌కు సరిపోయేలా అరగదీయాలి. ఆ పని చేసేవాళ్లు తక్కువ. ఖర్చు చాలాసార్లు వాయిద్యం ధరను దాటిపోతుంది.

మీ రెండిటికీ ఫెల్టులు, కార్కులు (వాల్వ్ కదలికను ఆపే మెత్తలు) కొత్తవి వేయించండి. ఇది చిన్న పనే కానీ తేడా పెద్దది. రెండో వాల్వ్ స్లైడ్ తీసేసి, ఆ గొట్టంలోంచి టార్చితో చూస్తూ వాల్వ్ నొక్కండి. పిస్టన్ రంధ్రం గొట్టం రంధ్రంతో సరిగ్గా కలవాలి. పక్కన నెలవంకలా ఇత్తడి అంచు కనిపిస్తే ఫెల్ట్ అణిగిపోయి పిస్టన్ మరీ కిందికి దిగుతోందన్నమాట. అర మిల్లీమీటర్ తేడా ఉన్నా ఆ స్వరం మూసుకుపోయినట్టు పలుకుతుంది. చాలామంది దాన్ని "పాత వాయిద్యం కదా, అంతే" అని వదిలేస్తారు. అది వాయిద్యం తప్పు కాదు, మందం తగ్గిన ఫెల్ట్ తప్పు.

స్లైడ్ బిగుసుకుపోతే ప్లయర్లు మాత్రం వాడొద్దు. అతుకు దగ్గర లోపలికి ఇంకే నూనె వేసి ఒక రాత్రి ఉంచండి, మర్నాడు గొట్టం వంపులో గుడ్డ దూర్చి నిదానంగా లాగండి. అప్పటికీ రాకపోతే రిపేరు చేసేవాళ్లకు ఇవ్వండి, వాళ్లు వేడి చేసి తీస్తారు. వంగిన స్లైడ్ కాలు ఇక సవ్యంగా కూర్చోదు.

శృతిపెట్టె

"పాత ఇత్తడి మంచిది" అనే మాట దగ్గర నేను ఒప్పుకోను. గొంతును నిర్ణయించేది గొట్టం లోపలి రూపం: ఎక్కడ ఎంత సన్నం, ఎక్కడి నుంచి ఎంత వేగంగా వెడల్పవుతుంది అన్నదే. పాత కార్నెట్లు తియ్యగా పలకడానికి కారణాలు మూడే. బోర్ (గొట్టం లోపలి వెడల్పు) సన్నం, బెల్ నోరు చిన్నది, మౌత్‌పీస్ కప్పు లోతు. వాటన్నిటిలోనూ లోహానికి చివరి స్థానమే.

"ప్రోటోటైప్" అన్న మాట అసలు అర్థం ఇక్కడే ఉంది. గుస్తావ్ బెస్సన్ 1837లో పారిస్‌లో కంపెనీ మొదలుపెట్టి, 1850లలో లండన్‌కు వచ్చాడు. గొట్టాలన్నిటికీ ఉక్కు మాండ్రెల్ అచ్చులు కొలతల ప్రకారం తయారుచేసుకుని, ప్రతి వాయిద్యం గొట్టాలనూ వాటిమీదే లాగే పద్ధతి పెట్టాడు. ఆ అచ్చుల పద్ధతినే ప్రోటోటైప్ అన్నారు. ఒక మంచి కార్నెట్ దొరికితే దాని కొలత పోకుండా రెండోదీ, వందోదీ అలాగే రావడం అప్పట్లో గొప్ప విషయం. పోటీలకు వెళ్లే బ్యాండ్లకు అది ప్రాణం. సోలో కార్నెట్లు నలుగురు ఉంటారు, నాలుగు కార్నెట్లూ ఒకేలా శృతి కలవాలి.

ఆ పోటీల సంగతీ చెప్పాలి. 1853లో మాంచెస్టర్ బెల్‌వ్యూ తోటల్లో జరిగిన పోటీలో మోస్లే టెంపరెన్స్ సాక్స్‌హార్న్ బ్యాండు గెలిచింది. అక్కడి నుంచి పోటీలు పెరిగేకొద్దీ కంపెనీలకు వాటితోనే వ్యాపారం. బెల్ మీద పతకాలు, బహుమతుల వివరాలు చెక్కించడం అందుకే. ఎవరికైనా బహుమతిగా ఇచ్చిన కార్నెట్ అయితే దానిమీద పోటీ పేరు, ఏడాది ఉంటాయి, కాలం తేల్చడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

ఆ రోజుల కార్నెట్లలో కొనే ముందు బాగా ఆలోచించాల్సిన రకం ఒకటుంది: కాంపెన్సేటింగ్ కార్నెట్. దీని వెనక బూసీలో పనిచేసిన డేవిడ్ జేమ్స్ బ్లేక్లీ ఉన్నాడు, 1874లో పేటెంట్. వాల్వులన్నీ విడివిడిగా సరిగ్గా ఉన్నా, కలిపి నొక్కితే గొట్టం పొడవు చాలదు. 1, 3 కలిపితే సుమారు 30 సెంట్లు, మూడూ కలిపితే 50 సెంట్లకు పైగా ఎక్కువ పలుకుతుంది. మూడో వాల్వ్ నొక్కినప్పుడు గాలి మళ్లీ ఒకటి, రెండు వాల్వుల గుండా తిరిగి అదనపు చిన్న గొట్టాల్లోంచి వెళ్లేలా బ్లేక్లీ ఏర్పాటు చేశాడు. తెలివైన పని. బ్యాండులోని పెద్ద వాయిద్యాలైన యుఫోనియంలో, ఇ-ఫ్లాట్ బాస్‌లో ఈనాటికీ ఉంది. కార్నెట్‌లో మాత్రం బరువు పెరిగింది, గాలి దారిలో మలుపులు పెరిగాయి, ఊదడానికి మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. వాల్వుల వెనక అదనంగా చిన్న చిన్న గొట్టం మడతలు కనిపిస్తే అదే. చూడ్డానికి అందంగా ఉంటుంది, దాచుకోవడానికి కొనండి, వారం వారం రిహార్సల్‌కు వద్దు.

మూడోకార్నెట్

ఎంతో సాయం చేశారు. టంకంపని గారు చెప్పినట్టు రెండూ మళ్లీ చూసి వచ్చాను.

ఇంపీరియల్: లీడ్‌పైప్ లోపల ఎర్రగా, గుంటలుగా ఉంది. నల్ల చుక్కలు కూడా ఉన్నాయి. వాల్వ్ ఒకటి, రెండు గట్టిగా టప్‌మన్నాయి, మూడోది కాస్త మెత్తగా. స్లైడ్ కాళ్లకు అతుకు గుర్తులేమీ లేవు.

బెస్సన్: మూడు వాల్వులూ టప్‌మన్నాయి. లీడ్‌పైప్ లోపల శుభ్రంగా ఉంది. ట్యూనింగ్ స్లైడ్ కాళ్ల పొడవు 3 సెంటీమీటర్లు. 2.2 సెంటీమీటర్లు లాగితే 440కి వస్తోంది, 8 మిల్లీమీటర్లే లోపల మిగులుతోంది. మౌత్‌పీస్ ఇంకా 1.2 సెంటీమీటర్ల దాకా దిగాల్సి ఉంది.

స్లైడ్ అలా లాగి వాయించేస్తే సరిపోదా? వాల్వులు ఇంత బాగుంటే బెస్సన్ వదలాలనిపించడం లేదు.

యూస్టన్‌రోడ్

వదలబుద్ధి కాకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఆ వయసు పిస్టన్లు మూడూ టప్‌మనడం అరుదు. కానీ మీ లెక్కలో ఒక చిక్కుంది.

బి-ఫ్లాట్ కార్నెట్ గొట్టం పొడవు సుమారు 137 సెంటీమీటర్లు. స్లైడ్ ఒక సెంటీమీటర్ లాగితే రెండు కాళ్లూ కలిపి రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది, శృతి సుమారు 25 సెంట్లు తగ్గుతుంది. మీ 55కి 2.2 సరిగ్గా సరిపోయింది. అయితే ఇప్పుడు మీ మౌత్‌పీస్ 1.2 సెంటీమీటర్లు బయటే ఉండటం వల్ల కూడా గొట్టం ఆ మేరకు పొడవైంది. పాత బెస్సన్ సాకెట్లు సన్నం, ఇప్పటి షాంకులు (మౌత్‌పీస్ కింది కాడలు) లావు. సన్న షాంక్ మౌత్‌పీస్ పెట్టి పూర్తిగా దించితే వాయిద్యం ఇంకో 15 సెంట్ల దాకా పైకి పోతుంది. అప్పుడు 2.8 లాగాలి, లోపల మిగిలేది 2 మిల్లీమీటర్లు. అంత కొసలో స్లైడ్ నిలవదు, గాలి కారుతుంది.

పోనీ ఇప్పటి మౌత్‌పీస్‌తోనే వాయిద్దామంటే అదీ కుదరదు. ఊగుతున్న షాంక్ చివరకూ లీడ్‌పైప్ మొదలుకూ మధ్య ఖాళీలో గాలి చెదురుతుంది, పై స్వరాలు జారిపోతాయి. డెనిస్ విక్ కంపెనీ కార్నెట్ మౌత్‌పీసుల్లో ఎస్ అక్షరంతో వచ్చేవి పాత వాయిద్యాల కోసమే, షాంక్ సన్నగా ఉంటుంది. సాకెట్‌ను మాత్రం రీమర్‌తో తొలిపించకండి. ఒకసారి తొలిస్తే తిరిగి రాదు.

మెయిన్ స్లైడ్ ఒక్కటే లాగితే వాల్వుల గొట్టాలు ఇంకా 452 కొలతలోనే ఉండిపోతాయి. వాటినీ లాగాలి. మొదటిది సుమారు 2.4 మిల్లీమీటర్లు, రెండోది 1.1, మూడోది 3.7. చూడ్డానికి చిన్నవే, కానీ లాగకపోతే వాల్వ్ నొక్కిన ప్రతి స్వరమూ నొక్కని స్వరం కంటే ఎక్కువగా పలుకుతుంది. పైగా ఈ పాత వాటికి ట్రిగ్గర్ (వాయిస్తూనే స్లైడ్ జరిపే మీట) గానీ, మూడో స్లైడ్‌కు వేలి ఉంగరం గానీ ఉండవు. కింది డి, సి-షార్ప్ పెదవితోనే దించాలి.

బాపట్లబ్యాండ్

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా దగ్గర చర్చిలో ఒక కార్నెట్ ఉంది, బెల్ మీద సాల్వేషన్ ఆర్మీ, సెయింట్ ఆల్బన్స్ అని చెక్కి ఉంది. కీబోర్డుతో ఎంత ప్రయత్నించినా కలవడం లేదు. ఇదీ హై పిచ్చేనా?

యూస్టన్‌రోడ్

దాదాపు ఖాయంగా అదే. సాల్వేషన్ ఆర్మీకి సెయింట్ ఆల్బన్స్‌లో సొంత వాయిద్యాల ఫ్యాక్టరీ ఉండేది, 1972లో దాన్ని బూసీ అండ్ హాక్స్‌కు అమ్మేశారు. అక్కడి పని మంచి పని, పారేయకండి.

మీకో సులువైన దారి ఉంది. కార్నెట్‌ను దించే బదులు కీబోర్డును పైకి జరపండి. సెట్టింగుల్లో మాస్టర్ ట్యూనింగ్ లేదా ఫైన్ ట్యూన్ ఉంటుంది, దాన్ని 452కి పెట్టండి. పాడేవాళ్లు కీబోర్డునే అనుసరిస్తారు కాబట్టి వాళ్లకు ఇబ్బంది ఉండదు. గిటార్ ఉంటే తీగలు ఆ మేరకు బిగించుకోవాలి. క్లారినెట్ గానీ, వేణువు గానీ కలిసి వాయిస్తే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

టంకంపని

మూడోకార్నెట్ గారూ, రిహార్సల్‌కు ఇంపీరియల్ కొనండి. పుట్టుకతో లో పిచ్‌ది, రెండు వాల్వులు బాగున్నాయి, మూడోదాన్ని చిక్కటి నూనె కాపాడుతుంది. లీడ్‌పైప్ పోయింది కాబట్టి దాన్ని మార్పించే ఖర్చు ఎంతో ముందు రిపేరు షాపులో అడిగి, ఆ మొత్తం ధరలో తగ్గించమని అమ్మేవారిని అడగండి. ఆ మచ్చలు చూపిస్తే కాదనలేరు. కొత్త లీడ్‌పైప్ వేసేటప్పుడు సాకెట్ కూడా ఇప్పటి షాంకుకు సరిపోయేది వేయమని చెప్పండి.

మీ పక్కన కూర్చునేవాళ్ల వాయిద్యాలూ చూడండి. ఇప్పటి బ్యాండ్లలో చాలామంది చేతిలో సావరిన్ అనే మోడల్ లాంటి వెడల్పు బోర్ కార్నెట్లుంటాయి. సన్న బోర్ బెస్సన్ వాటి మధ్య గొంతు వినిపించుకోవాలంటే గట్టిగా ఊదాలి. గట్టిగా ఊదితే మీకు నచ్చిన ఆ తీపే పోతుంది.

శృతిపెట్టె

నేనూ ఇంపీరియల్‌కే ఓటు వేస్తాను. అయితే అంత మంచి వాల్వులున్న బెస్సన్‌ను ఇంకెవరో దీపపు స్తంభంగా మార్చడం ఊహించుకోలేను. డబ్బు సర్దుబాటైతే అదీ తీసుకోండి.

ఒక పొడవాటి ట్యూనింగ్ స్లైడ్ చేయించండి. కాళ్లు 5 సెంటీమీటర్లు ఉండేలా, వంపు పాతదాని కొలతలోనే, కాలి వ్యాసం పాత స్లైడ్ తీసుకెళ్లి కాలిపర్‌తో కొలిపించి. అప్పుడు 2.8 లాగినా 2.2 లోపలే ఉంటుంది. పొడవు పెంచితే లీడ్‌పైప్‌లోనో బెల్‌లోనో పెంచకూడదు. అక్కడ గొట్టం క్రమంగా వెడల్పవుతూ ఉంటుంది, ముక్క పెడితే ఆ వరస తెగిపోతుంది. స్లైడ్ దగ్గర గొట్టం వెడల్పు ఒకేలా ఉంటుంది కాబట్టి నష్టం తక్కువ. అయినా పై జి కొంచెం అటూ ఇటూ అవుతుంది, దానికి సిద్ధంగా ఉండండి.

అసలు స్లైడ్‌ను కోయనివ్వకండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి కడిగి, ఆరబెట్టి, పలచగా గ్రీజు రాసి, నూలు గుడ్డలో చుట్టి కార్నెట్ పెట్టెలోనే ఉంచండి. వెండి పూత మీద ఇత్తడి పాలిష్ వాడొద్దు, ఆ చెక్కడం అరిగిపోతుంది. లండన్ హార్నిమన్ మ్యూజియంలో బూసీ అండ్ హాక్స్ సేకరణతో పాటు బెస్సన్ తయారీ పుస్తకాలు కూడా ఉన్నాయి. రెండో వాల్వ్ కేసింగ్ మీద సీరియల్ నంబర్ కనిపిస్తుందేమో చూసి రాసిపెట్టుకోండి, వాళ్లను అడగడానికి పనికొస్తుంది.